అటు ఎక్కకు

4, శుక్రవారం

నాన్న వచ్చాడు. ఈసారి సంచీ చిన్నది, కబురు పెద్దది. కంపెనీ వాళ్ళు అక్కడ రెండు గదుల ఇల్లు ఇస్తారట. మేడ మీదట. వంటగదికి కిటికీ ఉందట. వచ్చే నెల నుంచి ముగ్గురం ఒక్క కప్పు కింద!

"ఇక ఆ కళ్ళజోళ్ళ కొట్టుకి ఓ దండం పెట్టేయ్" అన్నాడు అమ్మతో.

అమ్మ తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడిచింది. నేను రెండో తరగతిలో ఉండగా నాన్న పంపులు బిగించే ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళాడు. అప్పట్నుంచీ అమ్మ ఆ కొట్టు వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చుతోంది. మానేసేట్టయితే ఓనరమ్మకి నెలాఖరులోగా చెప్పాలి. ఆ కుర్చీ ఒకసారి వదిలితే మళ్ళీ దొరకదు. ఈ ఊళ్ళో ఆ పని ఉన్న కొట్టు అదొక్కటే. అయినా ఇంకా కుర్చీ ఎందుకట! ఇన్నేళ్ళ తర్వాత మనిషి దొరుకుతుంటే.

రేపు ఎడారికి వెళ్తున్నాం. బస్సు, గైడు, ఒకరోజు టూరు. టిక్కెట్లు నాన్నే కొనుక్కొచ్చాడు. "నేనూ ఎప్పుడూ చూళ్ళేదమ్మా. ముగ్గురం కలిసే మొదటిసారి చూద్దాం" అన్నాడు. ప్రతి ఆదివారం ఫోన్లో నాకో మాట ఇస్తాడు కదా, పోయిన వారం ఇచ్చిన మాట 'సైకతం'. ఇసుకతో నిండినది. అప్పుడే కనిపెట్టాల్సింది, ఏదో ఎత్తు వేస్తున్నాడని.

సైకతం. సైకతం. నోట్లో వేసుకుంటే కరకరలాడుతోంది.

5, శనివారం

వచ్చాం. చెవుల్లో కూడా ఇసుక. రేపు రాస్తాను.

6, ఆదివారం

నాన్న పొద్దున బస్సుకి వెళ్ళిపోయాడు. అమ్మ కొట్టుకి సెలవే అయినా చీకటితోనే లేచి నిన్నటి బట్టలన్నీ దులిపి నానబెట్టింది. వరసగా రాస్తాను. వరసగా రాస్తే ఏదీ జారిపోదు.

ముందు గైడు గురించి. మైకు పట్టుకున్న క్షణం నుంచి ఆయనకు 'నేను' లేదు, 'మీరు' లేదు, అంతా 'మనం'. "మనం ఇప్పుడు టోపీలు పెట్టుకుంటున్నాం. మనం కిటికీలోంచి చేతులు బయట పెట్టడం లేదు. మనం నీళ్ళు పొదుపుగా తాగుతున్నాం." అమ్మ నా చెవి దగ్గరికి వంగి, "మనకి బాత్రూం వస్తే ఎక్కడ ఆపుతామో కనుక్కో" అంది. పగలబడి నవ్వాను. ఆయనకు మనంగారు అని పేరు పెట్టేశాం. తమాషా ఏమిటంటే, ఎక్కడ ఆగినా "మనం దిగుతున్నాం" అంటాడు, తను మాత్రం బస్సు నీడలోంచి కదలడు.

మా ముందు సీట్లో రిటైరైన పోస్టుమాస్టరు, ఆయన భార్య. ఊరు దాటక ముందే కిటికీ కోసం తగువు.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ కిటికీ ఈయనదేనమ్మా" అందావిడ వెనక్కి తిరిగి అమ్మతో.

"నువ్వు చూసేదేముంది, ఎక్కగానే నిద్రపోతావుగా" అన్నాడాయన.

"నిద్రపోవడానికైనా తల ఆనించాలి కదండీ. మీ భుజం ఎముకల గూడు."

బస్సంతా నవ్వింది. నాన్న అందరికంటే గట్టిగా నవ్వాడు. తర్వాత అమ్మని కిటికీ వైపు కూర్చోబెట్టాడు. అదీ కుడివైపు సీటే కావాలన్నాడు, దిబ్బలకి వెళ్ళేటప్పుడు ఎండ మొహం మీద కొట్టదట. ఎంత ముందుచూపు!

మొదట పాడుబడ్డ ఊరు చూశాం. ఎప్పుడో ఉప్పు తవ్వుకునేవాళ్ళు ఉండేవారట. నీళ్ళ బావి ఇంకిపోగానే అందరూ వెళ్ళిపోయారట. గోడలున్నాయి, పైకప్పుల్లేవు. గదుల్లో ఇసుక కిటికీ అంచు దాకా వచ్చి సర్దుకుని కూర్చుంది. గోడలో అలమర, ఒక్కో అరలో ఇసుక సమంగా, ఎవరో కొలిచి పోసినట్టు. "ఊడ్చేవాళ్ళు లేకపోతే మన కొంపలూ అంతే" అంది పోస్టుమాస్టరు భార్య. అమ్మ చాలాసేపు ఒక గదిలో నిలబడింది. వంటగది అయి ఉంటుందని చెప్పింది. ఎలా తెలుసన్నాను. గోడ మీద ఒక్కచోటే మసి ఉందట, చూడమంది. ఉంది.

తర్వాత ఎండిపోయిన ఉప్పు సరస్సు. కళ్ళు చికిలించుకుని చూడాల్సినంత తెలుపు. దూరాన నీళ్ళు! నిజంగా నీళ్ళే, అలలు కూడా ఉన్నాయి. మనంగారు మైకులో, "మనం ఇప్పుడు నీళ్ళు చూస్తున్నాం. మనం దగ్గరికెళ్తే అవి ఉండవు. అందుకని మనం వెళ్ళడం లేదు" అన్నాడు. అమ్మ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. "అద్దం తప్పు కాదన్నమాట" అంది. నాన్న నా వైపు చూసి, నెమ్మదిగా, మిఠాయి పొట్లం విప్పుతున్నట్టు, "మృగతృష్ణ" అన్నాడు. లేడి దాహం. నాకు ఒళ్ళు జలదరించింది. ఎండమావి అని చిన్నప్పట్నుంచీ తెలుసు. కానీ ఈ మాటలో ఒక లేడి పరిగెత్తుతోంది. నాన్న లేకపోతే నాకీ లేడి ఎవరిస్తారు?

ఆఖర్న ఇసుక దిబ్బలు. బస్సు దిగగానే నాన్న జేబులోంచి ప్లాస్టిక్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు తీశాడు. మా ఇద్దరి చెప్పులకీ పైనుంచి తొడిగి కట్టాడు. అందరి బూట్లలోనూ ఇసుక, మా పాదాలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. పోస్టుమాస్టరు చూసి, "అబ్బ, ఈయన్ని చూసి నేర్చుకోవాలి" అన్నాడు. "నేర్చుకుందురుగాని, ముందు నా చెప్పు దులపండి" అందావిడ.

దిబ్బ ఎక్కాం. సూర్యుడు దిగాడు. మేమూ దిగాం.

దిబ్బ వర్ణన విడిగా రాస్తాను. ఇప్పుడు చెయ్యి నొప్పిగా ఉంది.

8, మంగళవారం

దిబ్బ గురించి రాయలేదు.

ఇసుక రంగు పసుపు కాదు. ఎరుపు కాదు. కాల్చిన మట్టికి తేనె రాస్తే వచ్చే రంగు. గాలి గీసిన గీతలు. ఒక గీతకి ఇంకో గీత తగలదు.

ఇలా రాస్తూ పోవచ్చు. అది రాయకుండా ఎంతసేపైనా ఇది రాయవచ్చు.

అమ్మ ఎడమవైపు నుంచి ఎక్కబోయింది. అటు ఎత్తు తక్కువ. రెండడుగులు వేసింది. నాన్న వెనక నుంచి, "అటు ఎక్కకు, ఇసుక జారుతుంది. మేం అటు ఎక్కే నానా అవస్థా పడ్డాం" అన్నాడు. అని, వంగి, నా చెప్పుకి వదులైన రబ్బరు బ్యాండు బిగించాడు.

అమ్మ పాదం ఇసుకలో ఉండగానే ఆగింది. "ఇటా?" అంది కుడివైపు చూపించి.

"ఆ, అటు."

చెయ్యి ఇచ్చాడు. పట్టుకుంది. ఎక్కాం.

మేం.

9, బుధవారం

ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం. కలుపుకోకపోతే మేము. ఇంతే. ఇది ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకున్నది కాదు.

నాన్న మాట్లాడింది అమ్మతో. కాబట్టి ఆ మాటలో అమ్మ లేదు. నేను లేను. నాన్న ఉన్నాడు, ఇంకొకరున్నారు. లేదా కొందరున్నారు. కొందరే అయి ఉంటారు. కంపెనీ వాళ్ళు. పంపులు బిగించేవాళ్ళందరూ బస్సు మాట్లాడుకుని వెళ్ళి ఉంటారు. అలాంటప్పుడు ఎప్పుడూ చూడలేదని ఎందుకు చెప్పాడు? మమ్మల్ని సంతోషపెట్టడానికి. ముగ్గురం కలిసి మొదటిసారి అంటే బాగుంటుంది కదా. అది అబద్ధం కాదు, అలంకారం.

పైగా గాలి వీస్తోంది. "మెల్లగా" అని ఉంటాడు. గాలికి సగం కొట్టుకుపోయి "మేం" లా వినిపించింది. మెల్లగా, అటు ఎక్కే నానా అవస్థా పడ్డాం.

పడ్డాం?

కంపెనీ వాళ్ళే. పంపులు బిగించేవాళ్ళు ఒకరి చెప్పులకి ఒకరు కవర్లు తొడుక్కుంటారు. ఎందుకు తొడుక్కోకూడదు?

అమ్మ ఓనరమ్మతో ఇంకా చెప్పలేదు. సంచులు మాత్రం సర్దడం మొదలుపెట్టింది. చలికాలం దుప్పట్లు ముందు కట్టింది. ఏదో పాట కూనిరాగం తీస్తోంది. అమ్మ ఆ మాట వినలేదు. వింటే పాడుతుందా?

11, శుక్రవారం

క్లాసయ్యాక తెలుగు మేడం దగ్గరికి వెళ్ళాను. వ్యాకరణంలో సందేహం అన్నాను. అబద్ధం కాదు.

"మేడం, పుట్టినప్పట్నుంచీ తెలుగు మాట్లాడే మనిషి, మనం అనాల్సిన చోట పొరపాటున మేము అనే అవకాశం ఉందా?"

మేడం కళ్ళు మెరిశాయి. సంచీ భుజాన వేసుకున్నది కాస్తా దించి బల్ల మీద పెట్టింది.

"ఉండదు. లెక్కలు తప్పుతాం, దారి తప్పుతాం, ఇది తప్పం. మా మనవడికి ఇంకా చెప్పులు సరిగా వేసుకోవడం రాదు, కుడిది ఎడమకి వేస్తాడు. వాడు కూడా బిస్కెట్లు దాచుకుంటే 'మేం తింటాం' అంటాడు, పంచుకోవాలనిపిస్తే 'మనం తిందాం' అంటాడు. ఆ తేడా నోటికి తెలుసు. మనసు దాచినా నోరు దాచదు."

"జ్వరంలో అయితే?"

"జ్వరంలో అసలు తప్పదు. మనిషి జాగ్రత్త మానేసినప్పుడే అది ఇంకా సరిగ్గా వస్తుంది." తర్వాత నా భుజం తట్టి, "ఎంత మంచి ప్రశ్న! సెమినారుకి ఇదే రాయి. ఉదాహరణలు నీ సొంతంగా వెతుకు, ఇంట్లో మాట్లాడుకునేవే తీసుకో" అంది.

ఇంటికి వచ్చి కూర్చున్నాను. శ్రద్ధగా శీర్షిక రాసి, కింద గీత కూడా గీశాను. ఉదాహరణలు:

మనం వచ్చే నెల వెళ్దాం.
మేము ఇక్కడే ఉంటాం.
మేము నీకోసం ఎదురుచూశాం.
మేము నువ్వు లేనప్పుడు

కాగితం చింపేశాను.

13, ఆదివారం

నాన్న ఫోన్ చేశాడు. ఈ వారం మాట 'ఆలంబన'. ఊతం అని. తీగకి పందిరి ఆలంబన.

"బాగుంది నాన్నా" అన్నాను.

"అమ్మ చెప్పేసిందా ఓనరమ్మకి?"

"ఇంకా లేదు."

"త్వరగా చెప్పమను. మీ అమ్మ ఏదీ ఓ పట్టాన తేల్చదు."

"నాన్నా, ఆ ఇంట్లో ఇప్పుడెవరుంటున్నారు?"

"ఎవరుంటారే? బల్లులుంటున్నాయి. మీరొచ్చి ఖాళీ చేయించాలి."

నవ్వాడు. నేనూ నవ్వాను. నాన్న నవ్వే ముందు కొంచెం ఆగాడు. లైను బాగాలేదు.

ఫోన్ అమ్మకిచ్చాను. అమ్మ, "ఊ... ఊ... ఆ దుప్పట్లు కూడా తేనా? ... ఊ" అంది. ఫోన్ పెట్టేశాక కాసేపు దాన్ని చేతిలోనే ఉంచుకుంది, వేడి గిన్నెని ఎక్కడ దించాలో తెలియనట్టు.

చెప్పాలి. ఓనరమ్మతో చెప్పక ముందే అమ్మకి చెప్పాలి. చెప్తే అమ్మకి కుర్చీ ఉంటుంది. చెప్తే నాకు నాన్న ఉండడు. రేపు చెప్తాను.

14, సోమవారం

పాలు పొంగిపోయాయి. పక్కనే నిలబడి చూస్తున్నాను.

15, మంగళవారం

చెప్పలేదు. పరీక్ష ఉంది కదా. బాగా రాశాను.

17, గురువారం

అమ్మ అన్నం డబ్బా మర్చిపోయి వెళ్ళింది. మధ్యాహ్నం కొట్టుకి తీసుకెళ్ళాను. ఓనరమ్మ ముందు గదిలో ఎవరికో ఫ్రేములు పెట్టి చూపిస్తోంది. నన్ను చూసి లోపలికి వెళ్ళమని చేత్తో సైగ చేసింది.

వెనక గదిలో అమ్మ సానరాయి ముందు కూర్చుని ఉంది. రాయి మీద సన్నగా నీళ్ళు కారుతుంటాయి, లేకపోతే అద్దం వేడెక్కి పగులుతుంది. అద్దాన్ని రెండు వేళ్ళ మధ్య తిప్పుతూ అంచు ఆనిస్తుంది. కొంచెం తిప్పి, తీసి, బొటనవేలితో అంచు తడిమి, మళ్ళీ ఆనిస్తుంది. ఫ్రేములో పెట్టి నొక్కితే టిక్ మంది. ఆ చప్పుడు నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం.

"కూర్చో. నీతో పనుంది" అంది. మోటారు ఆపింది. "ఓనరమ్మ నోటిమాట చాలదంటోంది. రాసి ఇవ్వాలట. నీ భాష బాగుంటుంది కదా. మానేస్తున్నట్టు ఓ ముక్క రాసిపెట్టు."

"ఎప్పటిలోగా?"

"సాయంత్రానికి."

ఇసుక నమిలినట్టుంది.

"అమ్మా, ఆ రోజు దిబ్బ దగ్గర నాన్న..."

"మేం అన్నాడు."

అమ్మ ఇంకో అద్దం తీసి వెలుతురుకి ఎత్తి చూస్తోంది.

"విన్నావా?"

"నాకు మాత్రం తెలుగు రాదేమిటే? నువ్వొక్కదానివే చదువుకున్నావా?"

"మరి అడగలేదేం?"

"అడిగితే చెప్తాడు. మీ నాన్నకి దాచడం రాదు, చూశావుగా. చెప్తే వినాలి. విన్నాక ఏదో ఒకటి చెయ్యాలి. అడక్కపోతే ఏమీ చెయ్యక్కర్లేదు."

"కంపెనీ వాళ్ళతో వెళ్ళాడేమో" అన్నాను. వారం రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్న మాట పైకి అనగానే ఎంత పిచ్చిగా వినిపించిందో.

అమ్మ నవ్వింది. "పిచ్చిదానా. కంపెనీ వాళ్ళ చెప్పుల్లో ఇసుక పడితే మీ నాన్నకేంటి?"

అంటే అమ్మ నాకంటే ముందే అన్నీ చూసింది. కవర్లు తొడుగుతున్నప్పుడే తెలుసుకుంది. తెలుసుకుని కాళ్ళు చాపింది.

"మరి ఎందుకెళ్ళడం? ఈ కుర్చీ వదిలేస్తే మళ్ళీ రాదు కదా. ఇక్కడే ఉందాం. మనిద్దరం. ఇన్నాళ్ళూ లేమా?"

"ఉన్నాం. ఇన్నాళ్ళూ రోజూ రాత్రి తలుపు గడియ నేనే పెట్టాను. పెట్టాక ఒకసారి లాగి చూస్తాను. పడుకున్నాక మళ్ళీ లేచి ఇంకోసారి చూస్తాను. నీకు తెలీదులే, నువ్వు నిద్రపోతావు. ఒక్కరోజు ఇంకెవరో ఆ గడియ పెడితే వినాలని ఉందే. అంతే."

"అక్కడ ఇంకొకావిడ..."

"ఉంటే ఉంటుంది. లేకపోతే లేదు. మనం వెళ్తున్నామంటే తప్పుకునే ఉంటుంది. లేకపోతే ఇల్లు ఖాళీ అని పిలవడుగా." అద్దం కింద పెట్టింది. "ఆవిడ చెప్పుల్లోనూ ఇసుక పడకుండా చూశాడు. నా చెప్పుల్లోనూ పడకుండా చూశాడు. చెడ్డవాడు కాడు."

"అదే కదమ్మా!" అని అరిచాను. ముందు గదిలో ఓనరమ్మ మాట ఆగింది. మళ్ళీ మొదలైంది.

నేను చెప్పాలనుకున్నది చాలా ఉంది. ఆ మాట కోపంలో వచ్చి ఉంటే బాగుండేది. అబద్ధంలా వచ్చి ఉన్నా బాగుండేది. నీ కాలు జారకూడదన్న ప్రేమలోంచి వచ్చింది, అందుకే దానికి తిరుగు లేదు. ఇదంతా చెప్పడానికి నా దగ్గర మాటలున్నాయి. నాన్న ఇచ్చిన మాటలు కూడా ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

"నువ్వు మాత్రం మీ నాన్నని ఏమీ అడక్కు. నువ్వు అడిగే రకం" అంది అమ్మ. "ఆ మాట నాకింక విడమర్చి చెప్పకు. ఒకసారి విన్నాను, చాలు."

డబ్బా విప్పింది. సగం నాకు పెట్టింది. తిన్నాం. తర్వాత బల్ల మీద గాజు పొడి తుడిచి, తెల్ల కాగితం పరిచింది. పెన్ను ఇచ్చింది. మోటారు వేసుకుంది.

నేను రాయకుండా లేచి వచ్చేయవచ్చు. తప్పులతడకగా రాయవచ్చు. 'మానుకొనుచున్నాను' అని రాసి ఓనరమ్మ నవ్వేలా చేయవచ్చు. చెయ్యలేదు. ఎందుకో పెన్ను పట్టుకున్నాక నాకు చెడ్డగా రాయడం చేతకాలేదు. మొదటి వాక్యం కుదరకపోతే కొట్టేసి మళ్ళీ రాశాను. 'ఈ గదిలో నేను నేర్చుకున్నది పని ఒక్కటే కాదు' అన్న వాక్యం దగ్గర ఆగి, అది అమ్మ గొంతులా ఉందా నా గొంతులా ఉందా అని చూసుకున్నాను. అమ్మ గొంతులానే ఉంది. 'వదిలి' తీసేసి 'సెలవు తీసుకుని' అని మార్చాను. కింద అమ్మ సంతకానికి చోటు వదిలాను.

చదివి వినిపించాను. రాయి చప్పుడు మధ్యలో అమ్మ విన్నదో లేదో తెలియలేదు. తడి వేళ్ళు కొంగుకి తుడుచుకుని సంతకం పెట్టింది.

18, శుక్రవారం

కాలేజీకి వెళ్ళలేదు.

సాయంత్రం అమ్మ వచ్చింది. చెప్పులు విప్పుతూనే చెప్పింది. ఓనరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివిందట. కళ్ళజోడు తీసి మొహం తుడుచుకుందట. ముందు, ఇంకో రెండు నెలలైనా ఉంటావేమో అని అడుగుదామనుకుందట. ఇది చదివాక ఇంక అడగాలనిపించలేదట. ఇంత నిండుగా, ఇంత తెలిసి వెళ్తున్న మనిషిని ఎవరాపుతారు అందట. సోమవారం నుంచి కొత్తావిడ వస్తుంది, అమ్మ పని నేర్పాలి.

"నిన్ను తెగ మెచ్చుకుందే" అంది అమ్మ. మొహం వెలిగిపోతోంది. నిజంగా వెలిగిపోతోంది, అదే చూడలేకపోయాను. "అంత రాశావు కదా, వెతికినా ఒక్క తప్పు లేదట."